మిల్లు ఇళ్ళలోకి వచ్చిన ఊరు

వలస ఊళ్ళ పేర్లు చెప్పమంటే సిరిసిల్ల దిక్కు నేత ఇళ్ళలో మూడు పేర్లు వరసగా వస్తాయి: బొంబాయి, భీవండి, షోలాపూర్. మా అమ్మ పుట్టింది మూడో ఊళ్ళో, దాజీపేటలో. తాత అక్కడి మిల్లులో నేత ఖాతాలో పనిచేశాడు. మేనమామ అక్కడే ఉండిపోయాడు. పెళ్ళిళ్ళకూ చావులకూ వెళ్ళొచ్చిన ఊరే. కానీ వెళ్ళిన ప్రతిసారీ చుట్టాల మధ్య కూర్చుని, తిని, తిరుగు రైలెక్కడమే అయ్యేది. ఈసారి సంక్రాంతి ముందు ఊరు చూడాలనే వెళ్ళాను. మిల్లులు ఎక్కడుండేవి, వాటిని నమ్ముకుని ఏ వీధులు బతికాయి, మిల్లులు పోయాక ఆ వీధులు ఏమయ్యాయి అన్నది, జ్ఞాపకం ఉన్నవాళ్ళు ఉండగానే విని రాసుకోవాలని.

సికింద్రాబాద్ నుంచి వికారాబాద్, తాండూరు, వాడి, కలబురగి మీదుగా రైలు. తాండూరు దగ్గర పట్టాల పక్కన నాపరాళ్ళు పేర్చి ఉంటాయి. అవి దాటాక రెండు వైపులా నల్లరేగడి, దాని మీద జొన్న చేలు. ఈ దారికి ఒక చరిత్ర ఉంది. బొంబాయి నుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా (జి.ఐ.పి.) కంపెనీ రైలు 1860లో షోలాపూర్ చేరింది. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రైలు 1874లో మొదలైంది. అదే 1874లో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ పుట్టింది. రెండేళ్ళకే దక్కన్ మీద 1876–78 కరువు పడింది. పట్టాలు, మిల్లు, కరువు, మూడూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అంతకుముందు కూడా నేత కులంవాళ్ళైన పద్మశాలీలు ఎడ్లబండ్ల మీద, కాలినడకన ఈ ఊరికి వచ్చినవాళ్ళే. అయితే ఊళ్ళకు ఊళ్ళు కదిలింది మాత్రం ఈ మూడూ కలిసిన తర్వాతే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల ఇంటిపేర్లు ఇవాళ షోలాపూర్ దుకాణాల బోర్డుల మీద మరాఠీ అక్షరాల్లో కనిపిస్తాయి.

స్టేషన్‌కు మామ వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. మిల్లులో జాబర్‌గా చేశాడు. సాంచా (మరమగ్గం) ఆగితే చప్పుడు తేడాని బట్టి ఏ భాగం చెడిందో చెప్పేవాడని పేరు. స్కూటర్ మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోబోతుంటే, ముందు పాత మిల్లు చూపించమన్నాను. "ఏముందిరా అక్కడ చూడనికి?" అంటూనే బండి తిప్పాడు.

నిజంగానే చూడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. జూనీ మిల్లు అని ఊరంతా పిలిచే ఆ చోట ఇప్పుడు ఇళ్ళు, దుకాణాలు, బడులు. బొంబాయి వర్తకుడు మురార్జీ గోకుల్‌దాస్ పెట్టించిన మిల్లు అది. ఆయన పేరు ఆ పక్క మురార్జీ పేటలో ఇంకా వినిపిస్తుంది. ఆ తర్వాత లక్ష్మీ, విష్ణు, నర్సింగ్ గిర్జీ, జామ్ మిల్లులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 20వ శతాబ్దం మొదటి పాదానికి షోలాపూర్ అంటే బట్ట అన్న పేరు స్థిరపడింది.

మామ ఒక మలుపు దగ్గర బండి ఆపి చేత్తో గాలిలో గీత గీశాడు. "గీడ గేటుండె, అల్లుడా. పగార్ దినం గీ తొవ్వల నిలవడనికి జాగ ఉండకపోతుండె." చిన్నప్పుడు చూసిన గేటు అది. ఇక ఆపలేదు. భోంగా మోగగానే ఒక పాళీ వాళ్ళు బయటికి, ఇంకో పాళీ వాళ్ళు లోపలికి. ఎదురెదురుగా సైకిళ్ళు. గేటుకు కుడివైపు ఖానావళ్ళు. పెళ్ళికాని కుర్రాళ్ళు, భార్యాబిడ్డలను ఊళ్ళో వదిలి వచ్చినవాళ్ళు నెలకింత అని కట్టి అక్కడే రెండు పూటలా తినేవాళ్ళు. జొన్నరొట్టె, పప్పు, శేంగా చట్నీ. ఖానావళి పక్కన సైకిల్ రిపేరు, దాని పక్కన గడియారాలు బాగుచేసే అతను. మిల్లుకు వచ్చాకే మన నేతగాళ్ళకు గడియారంతో పని పడిందని మామ అన్నాడు. ఊళ్ళో మగ్గం ముందు కూర్చున్నంతకాలం ఎండ పొద్దే లెక్క. మిల్లులో ఐదు నిమిషాలు ఆలస్యమైతే గేటు పడిపోయేది. జీతం రోజు వడ్డీవ్యాపారులు గేటు దగ్గరే నిలబడేవాళ్ళు. వాళ్ళను తప్పించుకుని వెనక గోడ దూకినవాళ్ళ పేర్లు కూడా మామకు గుర్తున్నాయి.

ఈ పాత మిల్లుకు దేశ చరిత్రలో ఇంకో చోటు కూడా ఉంది. 1949 ఆగస్టులో యాజమాన్యం దీన్ని మూసేసింది. వేలమంది వీధిన పడ్డారు. 1950 జనవరి 9న, రాజ్యాంగం అమల్లోకి రావడానికి కొద్ది రోజుల ముందు, కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి మిల్లు నిర్వహణను తన చేతికి తీసుకుంది. వాటాదారులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. చరణ్‌జిత్ లాల్ చౌధురి కేసులో 1950 డిసెంబరులో వాటాదారు ఓడిపోయాడు. ద్వారకాదాస్ శ్రీనివాస్ కేసులో 1953 డిసెంబరులో కోర్టు ఆ ఆర్డినెన్స్ చెల్లదంది. సమానత్వం గురించీ ఆస్తి హక్కు గురించీ లా కాలేజీల్లో ఇవాళ్టికీ చదివే తీర్పులివి. ఆ తీర్పుల్లో వాటాదారుల పేర్లున్నాయి. గేటు బయట నిలబడ్డవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. అది కోర్టు తప్పని నేననను, కోర్టు ముందున్న ప్రశ్న వేరు. కానీ ఈ ఊరి గురించి రాసిన కాగితాల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉన్నాయి. పెట్టుబడి పెట్టినవాళ్ళ పేర్లు దొరుకుతాయి, నేసినవాళ్ళవి దొరకవు.

మిల్లు మళ్ళీ నడిచి, 1960ల్లో శాశ్వతంగా ఆగింది. లక్ష్మీ, విష్ణు మిల్లులు 1990ల్లో మూతపడ్డాయి. నర్సింగ్ గిర్జీ కూడా నిలవలేదు.

రెండో రోజు పొద్దున తూర్పు భాగంలో నడిచాను. సాఖర్‌పేట, భద్రావతి పేట, దాజీపేట, కన్నా చౌక్, అశోక్ చౌక్. మిల్లు ఉన్న పడమటి వైపు కంటే నాకు ఇక్కడే అసలు షోలాపూర్ దొరికింది. వీధి మొదట్లో నిలబడితే కాళ్ళ కింద నేల సన్నగా అదురుతుంది. ఇంటింటా సాంచాలు. ముందు గదిలో పని, వెనక గదిలో కాపురం. కొన్నిచోట్ల కింద సాంచాలు, పైన వంటిల్లు. మెట్ల మీద ఆరేసిన రంగు నూలు చిలపలు, గుమ్మం పక్కన మొక్కజొన్న కంకుల్లా బుట్ట నిండా కండెలు. తెలుగు, మరాఠీ, కన్నడం ఒకే వీధిలో వినిపిస్తాయి. కూరగాయలు బేరమాడేది మరాఠీలో, పిల్లల్ని తిట్టేది తెలుగులో. అది కూడా యాభై ఏళ్ళ కింద మా ఊళ్ళో మాట్లాడిన తెలుగు. మా నాయనమ్మతో పాటే పోయాయనుకున్న మాటలు ఇక్కడ పదేళ్ళ పిల్లల నోట విన్నాను.

ఇక్కడ మార్కండేయ గుడి ఉంది. పద్మశాలీలు తమను మార్కండేయ మహర్షి కొడుకు భావనా ఋషి సంతతిగా చెప్పుకుంటారు. శ్రావణ పౌర్ణమి నాడు జంధ్యాలు మార్చుకుని, రథం మీద స్వామిని ఊరేగిస్తారు. ఆ రోజు తూర్పు భాగంలో సాంచా తిరగదు. దసరా రోజుల్లో బతుకమ్మ ఆడతారు. సిద్ధరామేశ్వరుడి గడ్డా జాతరలో కూడా ఊరితో పాటే కలుస్తారు. నేను వెళ్ళినప్పుడు ఆ జాతరకే ఊరు సిద్ధమవుతోంది. చెరువు మధ్యలో ఉన్న సిద్ధేశ్వర గుడికి రంగులు వేస్తున్నారు. వీధుల్లో తెల్ల బట్టలు కట్టుకున్న కుర్రాళ్ళు ఎత్తైన నందిధ్వజాలు మోయడం సాధన చేస్తున్నారు. ఈ తూర్పు పేటల ఇంటిపేర్లు పార్లమెంటు దాకా వెళ్ళాయి. కూచన్, సాదుల్, వల్యాల్ అన్న పేర్లతో లోక్‌సభలో కూర్చున్నవాళ్ళు ఈ నేత కుటుంబాల వాళ్ళే. బడులు కట్టారు, ఆడపిల్లల కాలేజీ పెట్టారు. కూలికి వచ్చి ఎప్పటికైనా తిరిగిపోయే మనుషులు చేసే పనులు కావివి.

మిల్లులు చేనేతను మింగేశాయన్న కథ మనకు బాగా అలవాటు. షోలాపూర్ దగ్గర ఆ కథను కొంచెం విప్పి చూడాలి. ఇక్కడ మిల్లు నూలు వడికింది. ఆ నూలు కొని ఇళ్ళలోనూ కార్ఖానాల్లోనూ చేమగ్గాల మీద చీరలు నేశారు. మహారాష్ట్ర పల్లె ఆడవాళ్ళు కట్టే తొమ్మిది గజాల చీరకు షోలాపూర్ పెద్ద అంగడి. పద్మశాలీల్లోనే కొందరు పదుల మగ్గాలు పెట్టి కార్ఖానాదార్లయ్యారు. మిగతావాళ్ళు వాళ్ళ దగ్గర కూలికి నేశారు. చరిత్రకారుడు డగ్లస్ హేన్స్ 2012లో అచ్చయిన తన పుస్తకంలో పశ్చిమ భారతపు చిన్న పట్టణాల పెట్టుబడి గురించి రాస్తూ షోలాపూర్ కార్ఖానాలకు మంచి చోటిచ్చాడు. నాకు అందులో నచ్చిన సంగతి ఒకటే. ఈ నేతగాళ్ళు యంత్రానికి ఎదురు తిరిగి ఓడిపోయినవాళ్ళుగా కనిపించరు. విసురు నాడె వస్తే పట్టుకున్నారు, జకార్డు వస్తే పట్టుకున్నారు, కరెంటు మోటారు వస్తే దాన్నీ పట్టుకున్నారు. స్వాతంత్ర్యం తర్వాత తొమ్మిది గజాల చీర కట్టేవాళ్ళు తగ్గేసరికి, మగ్గం మీద చీర దిగి చద్దర్ ఎక్కింది.

చద్దర్ నేయడం దగ్గరగా చూడాలని అడిగితే మామ తన పాత జతగాడి ఇంటికి తీసుకెళ్ళాడు. ఆసామి వయసులో మామ కంటే కొంచెం చిన్నవాడు. లుంగీ మీద బనియన్, చెవిలో దూది ఉండ. సాంచా మీద ఎర్ర చద్దర్, మధ్యలో నెమలి. తల పైన అట్టల దండ తిరుగుతోంది. ఒక్కో అట్టలో చిల్లులు. చిల్లు ఉన్న చోట కొక్కెం లేస్తుంది, దానితో పాటు పడుగు పోగు లేస్తుంది. ఆ సందులోంచి నాడె దూసుకుపోతుంది. ఒక అట్టకు ఒక పేక పోగు. నెమలి తోక ఒక వేలెడు పెరగాలంటే ఎన్ని అట్టలు తిరగాలో చూస్తూ నిలబడితే తెలిసింది. కండె అయిపోగానే ఆసామి ఒక చేత్తో సాంచా ఆపి, ఇంకో చేత్తో ఖాళీ కండె తీసి కొత్తది పెట్టి, పోగు లాగి మళ్ళీ నడిపించాడు. నేను రెప్ప వేసేలోపు అయిపోయింది. తెగిన పడుగు పోగును చూపుతో పట్టడు. నేసిన బట్ట మీద అరచెయ్యి పెట్టి ఉంచుతాడు, చేతికి తేడా తగులుతుంది. వెంటనే వంగి రెండు కొసలూ దొరకబుచ్చుకుని ముడేస్తాడు. ఆ ముడి ఎలా వేస్తున్నాడో మెల్లగా చూపించమంటే వేళ్ళు తడబడ్డాయి. వేగంగా వేస్తేనే వస్తుందన్నాడు.

నేసిన చద్దర్ తిప్పి చూపించాడు. ముందువైపు ఎర్రగా ఉన్న చోట వెనక తెల్లగా, తెల్లగా ఉన్న చోట ఎర్రగా ఉంది. రెండు వైపులా నెమలే. మా ఇళ్ళలో చలికాలం కప్పుకున్న ఆ బరువైన దుప్పటి ఇదే. మహారాష్ట్రలో మొట్టమొదట భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) పొందిన వస్తువుల్లో షోలాపూర్ చద్దర్ ఒకటి. ఆ గుర్తింపు వల్ల ఏమైనా మేలు జరిగిందా అని అడిగాను. పాత నేతగాడు సమాధానం చెప్పకుండా బయటికి తీసుకెళ్ళి, రోడ్డు మీద పరిచి అమ్ముతున్న మెత్తటి పాలిస్టర్ దుప్పట్లు చూపించాడు. వాటి మీద కూడా షోలాపూర్ అనే రాసి ఉంది. ఎక్కడో నేసి ఈ పేరు వేసి ఈ ఊళ్ళోనే అమ్ముతున్నారు. నూలు ధర పెరుగుతోంది, చద్దర్ ధర పెరగడం లేదు. అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడలో టెర్రీ తువ్వాళ్ళు నేసే పెద్ద కార్ఖానాలు విదేశాలకు పంపుతున్నాయి, అక్కడ కొత్త మిషన్లు వచ్చాయి. పేటల్లోని పాత సాంచాలకు మాత్రం కొత్త చేతులు రావడం లేదు. ఆసామి ఇద్దరు కొడుకులూ పుణెలో ఉద్యోగాల్లో ఉన్నారు. దానికి ఆయన బాధపడటం లేదు. నాకూ బాధపడాల్సిన సంగతిగా అనిపించలేదు. ఈ చప్పుడులో చెవులు పోగొట్టుకున్న మనిషి కొడుకులు వేరే పని వెతుక్కోవడం న్యాయమే. పోకూడనిది ఆ చేతుల్లో ఉన్న విద్య. దాన్ని ఎవరైనా కూర్చుని అట్ట అట్టగా రాసి పెట్టాలి.

ఊళ్ళో తిరుగుతుంటే మన తెలుగు తీరానికి సంబంధించిన ఇంకో సంగతి తగిలింది. వాల్‌చంద్ హీరాచంద్ 1882లో ఈ షోలాపూర్‌లోనే పుట్టాడు. పత్తి, వడ్డీ వ్యాపారాలు చేసే జైన కుటుంబం. 1941లో విశాఖపట్నంలో ఓడల కార్ఖానాకు పునాది వేయించింది ఆయనే. తర్వాత అదే హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. షోలాపూర్ మిల్లుల్లో తెలంగాణ వాళ్ళు నేస్తున్న కాలంలోనే షోలాపూర్ మనిషి ఆంధ్ర తీరాన ఓడలు కట్టించాడు. భైయా చౌక్ దగ్గర డాక్టర్ కోట్నీస్ స్మారకం కూడా చూశాను. ఆయనా ఈ ఊరివాడే, 1910లో పుట్టాడు. 1938లో చైనా వెళ్ళి అక్కడి యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు వైద్యం చేస్తూ 1942లో అక్కడే పోయాడు.

జనవరి 12న పొద్దున మామ నన్ను నలుగురు హుతాత్మల విగ్రహాల దగ్గరికి తీసుకెళ్ళాడు. ప్రతి ఏడాదీ ఆ రోజు వెళ్తాడట. మల్లప్ప ధన్‌శెట్టి, జగన్నాథ్ శిందే, కిసన్ సార్డా, అబ్దుల్ రసూల్ కుర్బాన్ హుసేన్. 1931లో ఇదే తేదీన ఎరవాడ జైల్లో ఈ నలుగురినీ ఉరి తీశారు. 1930 మే నెలలో గాంధీజీని అరెస్టు చేశారన్న వార్త రాగానే ఇక్కడి మిల్లు కూలీలు పని ఆపి వీధుల్లోకి వచ్చారు. కాల్పులు, గొడవలు, చివరికి పోలీసులు ఊరు వదిలి వెళ్ళారు. కొద్ది రోజులు కాంగ్రెస్ కార్యకర్తలే కూడళ్ళలో నిలబడి ఊరు నడిపారు. మే 12న మార్షల్ లా పెట్టారు. జూన్ నెలాఖరు దాకా అది తొలగలేదు. గాంధీ టోపీ పెట్టుకుంటే సోల్జర్లు కొట్టేవాళ్ళని తాత చెప్పేవాడట. తాతకు అప్పుడు పన్నెండో పదమూడో ఏళ్ళు. మిల్లులో చిన్న పనులు చేసే కుర్రాడు. టోపీ మడిచి రొట్టె మూటలో పెట్టుకుని మిల్లుకు వెళ్ళేవాడని మామ విగ్రహాల ముందు నిలబడి చెప్పాడు. ఎర్ర జెండాల వాళ్ళు, కాంగ్రెస్ వాళ్ళు, బడిపిల్లలు వచ్చి దండలు వేశారు. దండ వేసి కదలకుండా కాసేపు నిలబడ్డ ముసలివాళ్ళలో చాలామంది చేతులు చూశాను. వేళ్ళ కొసలు నూలుకు అరిగి నున్నగా ఉన్నాయి.

ఇంతదాకా రాసింది మగవాళ్ళ సంగతి. మిల్లులు ఒక్కొక్కటీ మూతపడుతుంటే తూర్పు భాగం పస్తులు పడకుండా నిలబడింది ఆడవాళ్ళ వల్ల. ఇది నా అభిప్రాయం. అత్తను చూశాక ఇంకా గట్టిపడింది.

అత్త పదేళ్ళ వయసు నుంచి బీడీలు చుట్టింది. ఇప్పుడు కళ్ళు సరిగా కనిపించక తగ్గించింది, మానలేదు. నేనడిగితే చాట ముందేసుకుని కూర్చుంది. ముందు రాత్రి తడిపి గోనెలో చుట్టిన తునికాకు. దాని మీద రేకు ముక్క అచ్చు పెట్టి కత్తెరతో ఆ కొలతకు కోస్తుంది. ఈనె వచ్చిన చోటు పనికిరాదు. కోసిన ఆకులో చిటికెడు తంబాకు. అది ఎంతన్నది చెయ్యికే తెలుసు. రెండు బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ ఒక్కసారి కదిలాయి, ఆకు గొట్టమైంది. సన్న దారం చుట్టి, వెడల్పు కొసను సన్నని ఇనప మేకుతో లోపలికి మడిచింది. తర్వాత ఇంకోటి. ఇరవై ఐదు అయితే ఒక కట్ట. వెయ్యి బీడీలంటే నలభై కట్టలు. మాట్లాడుతూనే చుట్టింది, కిందికి చూడనేలేదు.

"ఏం రాస్కుంటవ్ అల్లుడా, బీడీల ముచ్చట," అంది. "మీ మామకు మిల్లు బందైన్నాడు పొయ్యి మీద కుండ ఆగలే. గదే రాస్కో."

బీడీలు చుట్టేవాళ్ళు పొద్దున్నే బుట్ట పట్టుకుని బీడీ కంపెనీ బ్రాంచికి వెళ్ళి అప్పగించాలి. బాగాలేవని పక్కన పడేసినవి లెక్కలోకి రావు. ఆకు తక్కువ తూచి, బీడీలు మాత్రం వెయ్యికి వెయ్యీ అడిగిన రోజులుండేవని అత్త చెప్పింది. ఆ తక్కువైన ఆకు సొంత డబ్బుతో కొనుక్కోవాలి. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. గుర్తింపు కార్డు, వైద్యం, పిల్లల చదువుకు కొంత సాయం వచ్చాయి. అవి ఇంటి గుమ్మం దాకా రావడానికి ఈ వీధుల్లో ఆడవాళ్ళు ఎన్ని ఊరేగింపుల్లో నడిచారో అత్త దగ్గర లెక్కలేదు. చంకలో పిల్లతో నడిచిన ఊరేగింపులు కొన్ని మాత్రం గుర్తున్నాయి. ఆ చంకలో పిల్ల ఇప్పుడు బడి పంతులమ్మ. ఇంటింటా తంబాకు దుమ్ము, దాంతో దగ్గు, నడుం నొప్పి. ఇది మంచి పని అని ఎవరూ అనరు. కానీ మిల్లు గేట్లకు తాళాలు పడ్డాక కూడా బడి ఫీజులు కట్టిందీ, ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసిందీ ఈ చాటే. షోలాపూర్ చరిత్ర పుస్తకంలో పాత మిల్లుకు ఒక అధ్యాయం ఉంటే, దీనికి అంతకంటే పెద్దది ఉండాలి.

ఆఖరు రోజు కుంభారి వెళ్ళాం. ఊరి బయట అక్కల్‌కోట్ దారిలో బీడీ కార్మిక మహిళల కోసం కట్టిన పదివేల ఇళ్ళ కాలనీ. వార్లీ ఆదివాసుల మధ్య పనిచేసిన కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టారు. ఆ ఇళ్ళ కోసం ఏళ్ళ తరబడి పోరాడినవాడు నర్సయ్య ఆడం, ఊరంతా ఆడం మాస్టర్ అని పిలిచే మాజీ ఎమ్మెల్యే. ఆయనదీ తెలుగు నేత కుటుంబమే. ఆడవాళ్ళు తమ వాటా డబ్బు కట్టారు, కేంద్రం, రాష్ట్రం తమ వాటాలు ఇచ్చాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఇళ్ళు అప్పగించారు. ఆ తర్వాత అసంఘటిత కార్మికుల కోసం రే నగర్ పేరుతో ముప్ఫై వేల ఇళ్ళ పని మొదలైంది. 2024 జనవరిలో వాటిలో 15,000 ఇళ్ళను ప్రధాని నరేంద్ర మోదీ అందజేశారు. వేర్వేరు జెండాల ప్రభుత్వాలు వచ్చి తాళంచెవులు ఇచ్చి వెళ్ళాయి. అడిగినవాళ్ళు మాత్రం మొదటి నుంచీ వీళ్ళే.

అత్త చెల్లెలి ఇల్లు కుంభారిలో. చిన్న ఇల్లే, కానీ కాగితం మీద ఆమె పేరుంది. మునుపు దాజీపేటలో ఒకే గదిలో సాంచా, మంచం, పొయ్యి ఉండేవట. రాత్రి పాళీ నేసేవాళ్ళ కింద పిల్లలు పడుకునేవాళ్ళు. సాంచా ఆగితేనే పిల్లలు లేచి ఏడ్చేవాళ్ళని చెప్పి నవ్వింది. ఇక్కడ గది గదికీ తలుపుంది. పనికోసం ఊళ్ళోకి పోవాలంటే బస్సు ఖర్చు, అది ఒక్కటే ఆమె ఫిర్యాదు. టీ ఇచ్చింది, సకినాలు పెట్టింది. అచ్చం మా ఊరి సకినాలే, కాకపోతే నువ్వులు కొంచెం ఎక్కువ.

తిరుగు రైలుకు ఇంకా టైముంది. స్టేషన్ దగ్గర టీ కొట్టులో మామకు మిల్లు నాటి జతగాళ్ళు ఇద్దరు కలిశారు. మొదటిరోజు మామ చెప్పిన గేటు ముందరి దుకాణాల వరస వాళ్ళకు చదివి వినిపించాను. చదవడం పూర్తికానివ్వలేదు. ఖానావళి కుడివైపు లేదన్నారు, ఎడమవైపున్న పాన్ డబ్బా మామ మర్చిపోయాడన్నారు. ఒకాయన, నేను కొన్న చద్దర్‌కు చుట్టి ఇచ్చిన కాగితం విప్పి నా పెన్ను తీసుకుని బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. గేటు, రోడ్డు, మలుపు, ఒక్కో దుకాణానికీ ఒక చదరం, చదరంలో యజమాని ఇంటిపేరు. మామ ఒప్పుకోలేదు, రెండు చదరాలు కొట్టేసి వాటి చోట్లు మార్చాడు. ముగ్గురూ కలిసి సైకిల్ దుకాణం దాకా వచ్చేసరికి రైలు వేళయింది. ఆ కాగితం మామ దగ్గరే ఉంచమన్నాను. మిగతా వరస ఆదివారం పూర్తి చేస్తారు. ఇంకో నలుగురు పాత మిల్లు మనుషులను, బ్రాంచికి బీడీలు మోసిన ఇద్దరు పెద్ద ఆడవాళ్ళను కూడా పిలుస్తామన్నారు. వాళ్ళు మాట్లాడేదంతా ఫోన్‌లో రికార్డు చేసే బాధ్యత మామ మనవరాలిది. తాతలు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడకుండా చూస్తే చాలని ఆ పిల్లకు చెప్పి రైలెక్కాను.